గార్వాహీ వీథిలో ఊరేగింపు – రెండు ప్రభుత్వముల కలత

ఊరేగింపు అనునది పైకి చూచుటకు చిన్న విషయము. నలుగురు కూడి, జెండా పట్టి, మేళము పెట్టి, ఒక చోటినుండి మరియొక చోటికి నడచిపోవుటయే ఊరేగింపు. కాని ఆ నడక ఏ వీథిగుండా సాగునో, ఆ వీథిలో కాపురమున్నవారు ఎవరో, వారికిని నడచువారికిని పూర్వము జరిగిన కథ ఏమో విచారించినప్పుడు ఆ చిన్న విషయమే మిక్కిలి పెద్దదగును. వీథి అందరిదియు. నడచుటకు నడచువారికి ఎంత హక్కు కలదో, తమ గడపలలో ప్రశాంతముగా నుండుటకు ఇంటివారికిని అంత హక్కు కలదు. ఈ రెండు హక్కులును ఎదురుపడినప్పుడు తీర్పు చెప్పవలసినది ప్రభుత్వము. చెప్పిన తీర్పును ప్రభుత్వమే నాలుగు దినములలో మార్చుకొన్నచో ఏమగును?

1996 జూలై నెలలో ఉత్తర ఐర్లండులోని పోర్టడౌన్ అను పట్టణమున ఈ ప్రశ్నయే తలయెత్తెను. ఒక వీథిలో కొద్దిసేపటి నడక కొరకు సాగిన వివాదము ఆ ప్రాంతమంతట చిచ్చు రేపినది. అంతటితో ఆగక, బ్రిటను, ఐర్లండు దేశముల ప్రధానమంత్రులు ఒకరినొకరు బహిరంగముగా నిందించుకొనునంత వరకు వచ్చినది. మూడువేలకు పైగా ప్రాణములను బలిగొన్న కలహమునకు స్వస్తి చెప్పుటకై ఆ రెండు ప్రభుత్వములును కలసి శాంతి చర్చలు నడుపుచున్న సమయమది. ఈ కలత ఎట్లు పుట్టినదో, ఎట్లు చల్లారినదో తెలిసికొనుట మనకును ప్రయోజనకరము.

ముందుగా ఆ దేశచరిత్రను కొంచెము స్మరింపవలెను. ఐర్లండు ద్వీపములో అధిక సంఖ్యాకులు కాథలిక్కులు. పదునేడవ శతాబ్దమున ఇంగ్లండు, స్కాట్లండుల నుండి ప్రొటెస్టంటు మతస్థులు పెద్ద సంఖ్యలో వచ్చి, ఉత్తరమున అల్స్టర్ అను భాగములో స్థిరపడిరి. భూమి ఒకరినుండి మరియొకరికి మారినది. భూమితోపాటు భయమును మారినది. 1641లో కాథలిక్కులు తిరుగుబాటు చేసినప్పుడు ఈ పోర్టడౌన్ పట్టణమునందే బాన్ నదిలో అనేకమంది ప్రొటెస్టంటులను ముంచి చంపిరి. 1690లో బోయిన్ నదీతీరమున జరిగిన యుద్ధములో ప్రొటెస్టంటు రాజైన మూడవ విలియము, కాథలిక్కు రాజైన రెండవ జేమ్సును ఓడించెను. ఈ విలియము ఆరెంజి వంశమువాడు. ఆయన పేర 1795లో అర్మా కౌంటీలో ఆరెంజి సంఘము స్థాపితమైనది. బోయిన్ విజయమును ఏటేట జూలై 12వ తేదీన ఊరేగింపులతో స్మరించుట ఆ సంఘమువారి ఆచారము.

పోర్టడౌన్ ఆ సంఘమునకు పుట్టినిల్లువంటిది. జూలై 12వ తేదీకి ముందు వచ్చు ఆదివారమున అచ్చటి సభ్యులు ఊరి వెలుపల కొండమీదనున్న డ్రమ్‌క్రీ చర్చికి ఊరేగింపుగా పోయి, ప్రార్థన ముగించుకొని మరల ఊరిలోనికి వత్తురు. ఈ ఆచారము 1807 నుండి వచ్చుచున్నది. నల్లని దుస్తులు, తలపై గుండ్రని నల్లటోపీలు, మెడలో నారింజరంగు పట్టీలు ధరించి, వరుసలు తీరి నడచెదరు. 1916 జూలైలో ఫ్రాన్సులోని సోమ్ యుద్ధభూమిలో అల్స్టర్ సైనికులు వేలకొలది నేలకొరిగిరి. నాటినుండి ఈ ఆదివారపు నడక ఆ మృతవీరుల స్మారకముగా కూడ నున్నది. నడచువారి మాట యేమనగా: “మేము తాతముత్తాతల దారిలో దేవుని గుడికి పోయి వచ్చుచున్నాము. ఇందులో ఎవరికేమి కీడు?”

వీథివారి మాట వేరు. చర్చినుండి ఊరిలోనికి వచ్చు దారులలో ఒకటి గార్వాహీ వీథి. దాని కిరుప్రక్కల వెలసిన గృహ సముదాయములలో నివసించువారు దాదాపుగా అందరును కాథలిక్కులు. 1921లో ఐర్లండు విభజింపబడి, ఉత్తరమున ఆరు కౌంటీలు బ్రిటనుతో కలిసియుండగా, అచ్చటి ప్రభుత్వము అర్ధశతాబ్దము పాటు ప్రొటెస్టంటు ఐక్యవాదుల చేతులలోనే ఉండెను. మంత్రులలో అధికులు ఆరెంజి సంఘ సభ్యులు. ఉద్యోగములలోను, ఇండ్ల కేటాయింపులలోను తమకు అన్యాయము జరిగినదని కాథలిక్కుల ఫిర్యాదు. అందువలన వారి చెవికి ఆ భేరీనాదము భక్తిగీతముగా వినబడలేదు. “ఈ ఊరికి యజమానులము మేము” అను చాటింపుగా వినబడినది. “మీ దారి మీకు కలదు, మా వీథిలోనికి మా సమ్మతి లేక రావలదు” అని వారనిరి. 1980 ప్రాంతములలో ఈ వివాదమే ఆబిన్స్ వీథి అను మరియొక చోట రేగి, అక్కడ ఊరేగింపు నిషేధింపబడినది. దాని ఫలముగా గార్వాహీ వీథియే వివాదమునకు కేంద్రమైనది.

ఇట్లు రెండు వాదములలోను కొంత నిజమున్నది. ఆచారమును అకస్మాత్తుగా త్రుంచివేసిన యెడల నడచువారికి అవమానము. ఇష్టము లేని ఇంటిముందునుండి బలవంతముగా నడచిన యెడల ఇంటివారికి అవమానము. అవమానమునకు కొలమానము లేదు కనుక ఏది పెద్దదో తూచి చెప్పజాలము.

ఒక ఊరి వివాదములో రెండు రాజ్యములు ఏల జోక్యము కలిగించుకొనవలసి వచ్చెను? దీనికి సమాధానము 1985 నవంబరు 15వ తేదీన హిల్స్‌బరోలో కుదిరిన ఆంగ్లో-ఐరిష్ ఒడంబడికలో నున్నది. ఉత్తర ఐర్లండు బ్రిటను పాలనలోనిదే. అయినను అచ్చటి కాథలిక్కు జాతీయవాదుల పక్షమున ఐర్లండు ప్రభుత్వము తన అభిప్రాయములను, సూచనలను తెలుపవచ్చునని బ్రిటను ఆ ఒడంబడికలో అంగీకరించినది. ఇందుకై రెండు దేశముల మంత్రులతో ఒక శాశ్వత సమావేశము ఏర్పడినది. నిర్ణయించు అధికారము లండనుదే. కాని వినవలసిన బాధ్యతయు లండనుదే. 1993 డిసెంబరులో జాన్ మేజర్, ఆల్బర్ట్ రెనాల్డ్స్ అను ఇరువురు ప్రధానమంత్రులు కలసి చేసిన ప్రకటన ఈ బంధమును బలపరచినది. 1994 ఆగస్టు 31వ తేదీన ఐరిష్ రిపబ్లికన్ సైన్యము, అక్టోబరులో ప్రొటెస్టంటు సాయుధ దళములు కాల్పుల విరమణ ప్రకటించినవి. ప్రజలు ఊపిరి పీల్చుకొనిరి.

కాని ఆ శాంతి నిలువలేదు. 1996 ఫిబ్రవరి 9వ తేదీన లండనులో బాంబు ప్రేల్చి, రిపబ్లికన్ సైన్యము తన విరమణకు అంతము పలికినది. అందుచేత ఆ సైన్యముతో అనుబంధము గల షిన్ ఫెయిన్ పక్షమును విడిచిపెట్టియే ఆ సంవత్సరము జూన్ 10వ తేదీన అఖిలపక్ష చర్చలు ప్రారంభింపబడినవి. అమెరికా దేశీయుడైన జార్జి మిచెల్ వాటికి అధ్యక్షుడు. ఐదు దినములు గడచునంతలో మాంచెస్టరు నగరమున మరియొక పెద్ద బాంబు ప్రేలినది. అయినను రెండు ప్రభుత్వములు చర్చలను ఆపలేదు. వారు రిపబ్లికనులకు చెప్పుచు వచ్చిన మాట ఒకటే: “బలప్రయోగమునకు ప్రజాస్వామ్యము లొంగదు. ఆయుధము విడిచి రండు, వాదనతో గెలువుడు.” ఈ మాటను మనము జ్ఞాపకముంచుకొనవలెను. తరువాత జరిగిన కథకు కీలకము ఇదియే.

అంతకు ముందు సంవత్సరము, 1995లో, డ్రమ్‌క్రీలో ఒకమారు ప్రతిష్టంభన కలిగినది. పోలీసులు అడ్డగింపగా ఆరెంజి సభ్యులు కదలలేదు. రెండు దినముల తరువాత మేళము లేకుండ నడచునట్లు రాజీ కుదిరినది. ఊరిలోనికి చేరిన పిమ్మట ఐక్యవాద నాయకులు ఇయాన్ పైస్లీ, డేవిడ్ ట్రింబుల్ చేతులు కలిపి పైకెత్తి నడచిరి. ఆ దృశ్యము ఒక పక్షమునకు విజయధ్వజము, రెండవ పక్షమునకు పుండుమీద కారము. కొలది వారములలో ట్రింబుల్ అల్స్టర్ ఐక్యవాద పక్షమునకు నాయకుడయ్యెను. రాజీ అను పేరుగల ఆ పరిష్కారము మరుసటి ఏటి తగవునకు విత్తనమైనది.

1996 జూలై 7వ తేదీ ఆదివారము. ఊరేగింపు గార్వాహీ వీథిలోనికి రాగూడదని పోలీసు ప్రధానాధికారి సర్ హ్యూ ఆన్‌స్లీ ఆజ్ఞాపించెను. చర్చినుండి తిరిగివచ్చు వరుసలను పోలీసులు ముళ్లతీగె కంచెలతో ఆపిరి. నడచువారు వెనుకకు మరలలేదు. ఆ రాత్రి మొదలుకొని నాలుగు దినములపాటు ఉత్తర ఐర్లండు అట్టుడికినది. కొండపైకి వేలకొలది జనము చేరినది. ఇతర పట్టణములలో ప్రొటెస్టంటు గుంపులు రహదారులను మూసివేసినవి, వాహనములను తగులబెట్టినవి. కాథలిక్కు కుటుంబములు కొన్ని ఇండ్లు విడిచి పోవలసి వచ్చినది. లర్గన్ సమీపమున ఒక కాథలిక్కు టాక్సీ నడుపువానిని సాయుధులు కాల్చి చంపిరి. ఐక్యవాద పక్షములు శాంతి చర్చలకు దూరముగా నిలిచినవి. అదనపు సైన్యము రప్పింపబడినది. మతాచార్యులు ఇరుపక్షముల నడుమ రాయబారము నడిపిరి గాని ఫలము కలుగలేదు.

జూలై 11వ తేదీ గురువారమున ఆజ్ఞ తలక్రిందులైనది. పోలీసులు కంచెలు తీసివేసిరి. వీథిలో కూర్చుండి అడ్డగించిన నివాసులను బలవంతముగా ఈడ్చివేసి, సుమారు 1,200 మంది ఆరెంజి సభ్యులకు దారి ఇచ్చిరి. మరునాడు బెల్‌ఫాస్టులో మరియొక ఊరేగింపు కొరకు లోయర్ ఓర్మో వీథివారిని ఇండ్లనుండి కదలనీయక నిలిపిరి. ఈ వార్త విని జాతీయవాదుల పేటలు మండినవి. డెర్రీ నగరమున ఒక వ్యక్తి సైనిక వాహనము క్రిందపడి మరణించెను. ఆ వారములో పోలీసులు, సైనికులు వేలకొలది ప్లాస్టిక్ గుండ్లు ప్రయోగించిరి. 14వ తేదీ వేకువను ఎనిస్కిల్లెన్ సమీపమున ఒక హోటలు బాంబు ప్రేలుడుకు గురియైనది.

ఇప్పుడు రెండు రాజధానుల మాట. ఐర్లండు ప్రధానమంత్రి జాన్ బ్రూటన్ స్వభావముచే సౌమ్యుడు. రిపబ్లికన్ సైన్యమును తీవ్రముగా నిరసించువాడు. ఐక్యవాదుల భయములను సానుభూతితో గ్రహింపజూచునని ఆయన స్వదేశీయులే కొందరు ఆయనను ఆక్షేపించెడివారు. అట్టివాడు బ్రిటిషు బ్రాడ్‌కాస్టింగ్ సంస్థవారి ముందు నిలిచి, ప్రజాస్వామ్య రాజ్యము బలమునకు లొంగరాదనియు, నేడొకటి రేపొకటి చెప్పరాదనియు, చట్టము నమలుపరచుటలో పక్షపాతము చూపరాదనియు, బ్రిటను ఈ మూడు ధర్మములను తప్పినదనియు నిష్కర్షగా పలికెను. పొరుగు ప్రభుత్వాధినేత ఇట్లు బహిరంగముగా పలుకుట ఇటీవలి కాలమున ఎరుగని విషయము. లండను ఈ నిందను త్రోసిపుచ్చినది. ఐర్లండు వ్యవహారముల మంత్రి సర్ పాట్రిక్ మేహ్యూ ఆ నిర్ణయము పోలీసు ప్రధానాధికారిదే గాని మంత్రులది కాదని వాదించెను. కొండపైకి పదులవేల మంది వచ్చి పడినయెడల కంచె నిలువదనియు, ఒకని ప్రాణమైనను పోకుండ చూచుటయే తన కర్తవ్యమనియు ఆ అధికారి సమర్థించుకొనెను.

న్యాయముగా చూచినచో ఈ సమాధానమును తేలికగా కొట్టివేయరాదు. ఒక దేశములోని పోలీసు అధికారి చీకటిలో, కొండచరియపై, ఉద్రిక్తమైన జనసమూహము నెదుట నిలిచి చేయు నిర్ణయమును వేరొక దేశపు రాజధానిలో కూర్చుండి తప్పుపట్టుట సులభము. మంత్రులు పోలీసుల దైనందిన చర్యలలో తలదూర్చరాదనుటయు మంచి సూత్రమే. కాని డబ్లిను వాదమునకు పునాది వేరు. ఆజ్ఞ మంచిదా చెడ్డదా అను ప్రశ్న కంటె, ఆజ్ఞ మారుటకు కారణమేమి అను ప్రశ్న పెద్దది. నాలుగు దినములలో మారినది చట్టమా? కాదు. నివాసుల అభిప్రాయమా? కాదు. మారినది కొండపైనున్న జనసంఖ్య. ఎక్కువమంది వచ్చి, ఎక్కువ అల్లరి చేయుదుమని బెదిరించినవారికి దారి దొరకినది. నెల దినములకు ముందు రిపబ్లికనులతో “బలమునకు ప్రజాస్వామ్యము లొంగదు” అని రెండు ప్రభుత్వములు కలసి చెప్పిన మాటకు ఇప్పుడు విలువ ఏమి? శాంతియుత మార్గమునే నమ్మిన జాన్ హ్యూమ్ నాయకత్వములోని జాతీయవాద పక్షము తన ప్రజలకు ఏమని చెప్పగలదు? ఆ పక్షము చర్చలకు అనుబంధముగా నున్న ప్రతినిధి సభనుండి జూలై 13వ తేదీన వైదొలగినది. బ్రూటన్ కోపమునకు మూలమిదియే. గార్వాహీ వీథిలో కూలినది కంచె మాత్రమే కాదు, బుజ్జగించి శాంతి మార్గమునకు త్రిప్పుచున్న వాదన కూడ కూలినదని ఆయన భావించెను.

ఇంకొక సందేహమును జాతీయవాదుల మనస్సులో కలిగినది. అప్పటికి మేజర్ ప్రభుత్వమునకు పార్లమెంటులో ఆధిక్యము బహుస్వల్పము. అల్స్టర్ ఐక్యవాద సభ్యుల ఓట్లు ఆ ప్రభుత్వమునకు అవసరమగుచుండెను. ఈ అవసరము డ్రమ్‌క్రీ నిర్ణయముపై పనిచేసినదని నిరూపించిన వారు లేరు. కాని నిర్ణయమునకు కారణములు ముందుగా చెప్పనిచోట అనుమానమే కారణముగా చెలామణి యగును.

ఇంత మాట అనుకొన్న తరువాత రెండు ప్రభుత్వములును విడిపోయెనా? లేదు. ఇచ్చటనే 1985 నాటి ఏర్పాటు విలువ తెలియవచ్చును. మంత్రుల సమావేశమునకు ఒక స్థిరమైన వేదిక ఉండెను, కార్యాలయము ఉండెను, అలవాటు ఉండెను. ఆ జూలై నెలలోనే ఐర్లండు విదేశాంగ మంత్రి డిక్ స్ప్రింగ్, మేహ్యూ ఎదురెదురుగా కూర్చుండి కఠినముగా మాటలాడుకొనిరి. కాని కూర్చుండియే మాటలాడుకొనిరి. స్నేహము కుదిరిన పిమ్మట వేదిక నిర్మింతమనుకొను దేశములు కలహము వచ్చినప్పుడు వీథినపడును. కలహింపవలసిన గదిని ముందుగా కట్టుకొన్న దేశములు కలహించియు కలసి యుండగలవు. బెల్‌ఫాస్టు చర్చలు కుంటుపడినవి గాని ఆగిపోలేదు.

రెండవ ఫలము చట్టమునకు సంబంధించినది. ఉత్తర ఐర్లండులో ఏడాదికి సుమారు మూడువేల ఊరేగింపులు జరిగెడివి. వానిలో వివాదాస్పదములు కొలదిమాత్రమే. వీనిని నియమించు 1987 నాటి శాసనము ప్రకారము పోలీసు అధికారి ముఖ్యముగా చూడవలసినది శాంతిభంగము కలుగునా, ఆస్తినష్టము కలుగునా, జనజీవనము స్తంభించునా అను అంశములను. వినుటకు సహేతుకముగానే ఉన్నది. కాని ఇందులో ఒక లోపము దాగియున్నది. ఎవరివలన ఎక్కువ అల్లరి వచ్చునో వారి కోరికయే నెరవేరునట్లు ఈ కొలబద్ద పనిచేయును. నడువనీయకున్న అల్లరి ఎక్కువయగునని తోచిన నడువనిత్తురు. నడువనిచ్చిన అల్లరి ఎక్కువయగునని తోచిన ఆపుదురు. కాబట్టి ఇరుపక్షములకును చట్టము నేర్పిన పాఠమేమనగా, బెదిరింపును పెంచుకొనుడని. శాంతికొరకు చేసిన నియమమే అశాంతికి బహుమానమిచ్చెడిది.

ఈ లోపమును సరిదిద్దుటకు పీటర్ నార్త్ అను న్యాయశాస్త్ర పండితుని అధ్యక్షతన ఒక సంఘము నియమింపబడినది. 1997 జనవరిలో ఆ సంఘము నివేదిక సమర్పించినది. నిర్ణయించువారు వేరు, నిర్ణయమును అమలుజరుపువారు వేరుగా ఉండవలెనని దాని సారాంశము. కంచెవద్ద నిలువవలసిన పోలీసులే కంచె ఉండవలెనా వలదా అని తేల్చుకొనుట వలన, ప్రతిరాత్రి జనసంఖ్యనుబట్టి తీర్పు మారుటకు వీలు కలుగుచున్నది. అందుచే ఊరేగింపుల కమీషను అను స్వతంత్ర సంస్థ ఏర్పడినది. 1998 నాటి చట్టము దానికి పూర్తి అధికారములిచ్చినది. ఊరేగింపు జరుపువారు 28 దినముల ముందు తెలియజేయవలెను. కమీషను శాంతిభద్రతలతో పాటు ఆ ప్రాంతపు జనుల పరస్పర సంబంధములపై కలుగు ప్రభావమును గమనింపవలెను. ఆ దారిలో నడచుట చిరకాలాచారమా అను విషయమును గూడ గమనింపవలెను. తన నిర్ణయమును ముందుగా, కారణములతో ప్రకటింపవలెను. రెండు పక్షముల అవమానములకును చట్టములో చోటు దొరకినది.

ఈ మార్పు పూర్తి కాకమునుపే 1997 జూలై వచ్చినది. బ్రిటనులో టోనీ బ్లేర్, ఐర్లండులో బెర్టీ అహెర్న్ అప్పుడే ప్రధానమంత్రులైరి. ఐర్లండు వ్యవహారముల మంత్రిణి మో మౌలమ్ గార్వాహీ వీథివారిని కలిసి మాటలాడినది. కాని జూలై 6వ తేదీ వేకువజామున సైన్యము, పోలీసులు వీథిని ఆక్రమించి ఊరేగింపును నడిపించిరి. అదియే ఉన్నవానిలో తక్కువ చెడుగని ప్రభుత్వ వర్గములు ముందే తలచినట్లు ఒక రహస్యపత్రము బయటపడినది. మరల అల్లర్లు, మరల డబ్లిను అసంతృప్తి. ఈ పర్యాయము మాత్రము మరియొక సంగతి జరిగినది. ఆరెంజి సంఘమువారు కొలది దినములకే ఇతర పట్టణములలోని నాలుగు వివాదాస్పదమైన ఊరేగింపులను స్వచ్ఛందముగా మార్చుకొనిరి. జూలై 20వ తేదీనుండి రిపబ్లికన్ సైన్యము మరల కాల్పులు విరమించినది. చర్చలకు మార్గము తెరుచుకొన్నది.

1998 ఏప్రిల్ 10వ తేదీన, పవిత్ర శుక్రవారమునాడు, ఒప్పందము కుదిరినది. మే 22వ తేదీన ఐర్లండు ద్వీపములోని ఇరుభాగముల ప్రజలును దానిని ఆమోదించిరి. ఉత్తరమున నూటికి 71 మంది, దక్షిణమున నూటికి 94 మంది అనుకూలముగా ఓటు వేసిరి. అయినను డ్రమ్‌క్రీ ఆదివారము మరల రానేవచ్చినది. ఈసారి కమీషను ముందుగానే, కారణములతో, గార్వాహీ వీథిలో ఊరేగింపు వలదని తీర్పు చెప్పినది. సైన్యము ఉక్కు కంచె నిలిపి, పొలములలో కందకము త్రవ్వి, ముళ్లతీగె పరచినది. కొండపై మరల వేలకొలది జనము చేరినది. మరల రాత్రుల అల్లరి. కాని ఈసారి కంచె కదలలేదు. ఎంతమంది వచ్చినను తీర్పు మారదని తెలిసినది. రెండు ప్రభుత్వములును ఒకే మాటపై నిలిచినవి.

జూలై 12వ తేదీ వేకువను బాలిమనీ అను పట్టణమున ఒక ఇంటిపై విసరిన పెట్రోలు బాంబు వలన ముగ్గురు చిన్నారి సోదరులు నిద్రలోనే అగ్నికి ఆహుతియైరి. ఆ వార్త విన్నంతనే దేశము నిశ్చేష్టమైనది. ఏ వీథియు ఒక ప్రాణమునకు సాటిరాదని ఆరెంజి సంఘపు మతాచార్యుడే బోధించెను. మూడేండ్లకు ముందు పోర్టడౌన్ పట్టణమున చేతులెత్తి నడచిన ట్రింబుల్ ఇప్పుడు నూతన శాసనసభలో ప్రథమమంత్రిగా ఎన్నికైయుండెను. ఆయనయే కొండ దిగి రండని కోరెను. జనము పలుచబడినది. ఆ సంవత్సరము హ్యూమ్, ట్రింబుల్ ఇరువురకును నోబెల్ శాంతి బహుమానము లభించినది.

అంతటితో సర్వము సుఖాంతమైనదని చెప్పరాదు. 1999 మార్చిలో గార్వాహీ వీథి నివాసులకు న్యాయవాదిగా నున్న రోజ్‌మేరీ నెల్సన్ కారు క్రింద అమర్చిన బాంబునకు బలియైనది. 1997 తరువాత ఆరెంజి ఊరేగింపు ఆ వీథిలో నడువలేదు. అచ్చటి శాఖవారు తమకు అన్యాయము జరిగినదనియే నేటికిని తలంచుచు, కంచె దగ్గరకు వచ్చి, నిరసన తెలిపి మరలుచుండుట ఆచారమైనది. 2010లో పోలీసు, న్యాయశాఖలను ఉత్తర ఐర్లండు ప్రభుత్వమునకు అప్పగించు చర్చలలో ఊరేగింపుల ప్రశ్న మరల అడ్డుపడి, దీర్ఘమైన సంప్రదింపుల తరువాతగాని హిల్స్‌బరోలో అంగీకారము కుదరలేదు. గాయము మాననందున నొప్పి అప్పుడప్పుడు తెలియుచునేయున్నది. కాని గార్వాహీ వీథి రెండు ప్రభుత్వముల మధ్య మరల అంతటి కలతను పుట్టింపలేదు.

ఈ వృత్తాంతము మనకు సుదూరమైనదిగా తోచవచ్చును. నిజమునకు ఊరేగింపుల దారిని పోలీసు అధికారి నిర్ణయించు పద్ధతి మన దేశమునకును చిరపరిచితమే. బ్రిటిషువారి 1861 నాటి పోలీసు చట్టములో 30వ విభాగము ఊరేగింపుల మార్గమును, వేళను నిర్ణయించు అధికారమును జిల్లా పోలీసు అధికారి కిచ్చినది. పండుగలలో వీథులయందు వాద్యములు ఏమేరకు మ్రోగవలెనో నియమించుటకు కూడ అందు వీలున్నది. ఏ ప్రార్థనాలయము ముందర మేళము ఆపవలెను, ఏ సందులోనికి రథము రావచ్చును అను తగవులు మన పట్టణములకు క్రొత్త కావు. డ్రమ్‌క్రీలో అడిగిన ప్రశ్నయే ఎక్కడనైనను అడుగవలసియుండును: ఈ అధికారి దేనిని తూచుచున్నాడు, న్యాయమునా, బెదిరింపునా?

డ్రమ్‌క్రీ కథలో ప్రభుత్వము ఊరేగింపును ఆపుటయు ఒక తీర్పే, నడువనిచ్చుటయు ఒక తీర్పే. రెండింటిలో ఏదియైనను సహేతుకముగా సమర్థింపవచ్చును. సమర్థింపరానిది ఒక్కటే: ఒక తీర్పు చెప్పి, కేకలు హెచ్చిన కొలది దానిని మార్చుట. అట్లు మార్చినప్పుడు ఓడినవాడు చట్టమును నమ్మడు, గెలిచినవాడును చట్టమును గౌరవింపడు. పొరుగురాజ్యముతో చేసికొన్న నమ్మకపు ఒప్పందములకు కూడ బీటలు వారును. శాంతి చర్చల బల్లయొద్ద పలికిన మాటకును, వీథిలో కంచెయొద్ద నడచిన తీరునకును పొత్తు కుదిరినప్పుడే ఆ బల్లయొద్ద కూర్చున్నవారి మాట జనులు విందురు.